తెలుగులోంచి తెలుగులోకి

తర్జుమా సార్ పోయారు. ఆ పొద్దున ఫోను వచ్చినప్పుడు నేను ఒక ప్యాంటు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్నాను. ఫోను ఎత్తింది నా మనిషి. విన్నాడు, "వస్తున్నమమ్మా" అన్నాడు, పెట్టేశాడు. నా వైపు తిరిగి, "సార్ లేరంట" అన్నాడు. నేను చేతిలో ఉన్న గీత పూర్తి చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. వంకరగా వచ్చింది. ఆ గుడ్డ ఇంకా అలాగే ఉంది, కత్తెర పెట్టబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు "నా మనిషి" అని రాశాను కదా. మీలో కొందరు ఆ మాటను ఒక రకంగా, ఇంకొందరు ఇంకో రకంగా అనుకుని ఉంటారు. నాకు సార్ పరిచయమైంది ఆ మాట వల్లే. మేం పోట్లాడుకున్నదీ ఆ మాట మీదే. ఆయన పోయి నెల కావస్తోంది, ఆ మాట మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అందుకే రాస్తున్నాను.

సార్ వాళ్ల నాన్నగారు గుంటూరు వైపు మనిషి. రాష్ట్రం ఏర్పడినప్పుడు గుమస్తాగా హైదరాబాదు వచ్చారు. సార్ ఇక్కడే పుట్టారు, ఇక్కడి ఉర్దూ నీళ్లు తాగినట్టు మాట్లాడేవారు, కానీ ఇంట్లో తెలుగు మాత్రం గుంటూరుదే. కోర్టులో తర్జుమా పని చేసి రిటైరయ్యాక, నాంపల్లి కోర్టుల దగ్గర ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకుని కూర్చున్నారు. తెలుగు, ఉర్దూ కాగితాలను వకీళ్ల కోసం ఇంగ్లీషు చేసేవారు. ఎవరేం మాట్లాడుతున్నా ఆయన పెదవులు చప్పుడు లేకుండా కదులుతుండేవి. లోపల తర్జుమా నడుస్తోందన్న మాట. భార్య తిడుతున్నా అంతేనట. "ముందు నా మాట వినండి, తర్వాత ఇంగ్లీషు చేసుకుందురు గానీ" అనేదట ఆవిడ.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. అబిడ్స్‌లో ఒక పెద్ద సూటింగుల షాపులో నేను కొలతలు తీసే మాస్టర్ని. గుడ్డ కింద కొంటారు, పైకొచ్చి నాకు భుజాలిస్తారు. పెళ్లికొడుకులు, వకీళ్లు, బ్యాంకు మేనేజర్లు, అందరి నడుములూ నాకు తెలుసు. ఎవరు పొట్ట లోపలికి పీల్చుకుని టేపును మోసం చేస్తున్నారో కూడా తెలుసు. నా మనిషి గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పార్సిళ్లు బుక్ చేస్తాడు. గన్‌ఫౌండ్రీ గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఏళ్ల తరబడి కలిసి బతికాం. అడిగినవాళ్లకు దోస్తులమని చెప్పేవాళ్లం. అబద్ధం కాదు, సగం నిజం.

ఒక వానాకాలం అతనికి డెంగీ వచ్చి దవాఖానలో పడ్డాడు. నర్సు బయటికొచ్చి, "పేషెంట్ మనుషులెవరు?" అని పిలిచింది. నేను గబుక్కున లేచి నేనే అన్నాను. నీకేమవుతాడంటే, నా మనిషి అన్నాను. పలకరించడానికి వచ్చిన మా షాపు క్యాషియరు పక్కనే ఉన్నాడు. ఆ మాటకు అతనేమీ అనుకోలేదు, ఆ మాట అంటున్నప్పుడు నా మొహం చూశాడు. ఏడుస్తున్నానట. దోస్తుకు జ్వరం వస్తే ఎవరూ అట్లా ఏడవరట.

కొద్ది రోజులకే షాపు సేటు పిలిచాడు. చెడ్డవాడని చెప్పలేను, పండక్కి నా మనిషికి కూడా మిఠాయి డబ్బా పంపినవాడు. "మాస్టర్, నాకేం లేదు. గని నువ్వు మొగోళ్ల నడుములు కొలుస్తవ్. రేపు కస్టమర్లు అడిగితే నేనేం చెప్పాలె?" అన్నాడు. నోటీసు లేదు, విచారణ లేదు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి మెట్లు దిగి వచ్చేశాను. బస్టాపు దాకా వచ్చాక గుర్తొచ్చింది, ఆ టేపు నాదే.

కేసు వేశాం. మా వకీలు మేడం చిన్న వయసుదే గానీ మాట మెలితిప్పదు. మీరు నేరస్థులు కాదని పెద్ద కోర్టు చెప్పింది, కానీ ఈ కారణానికి ఒక ప్రైవేటు షాపు వాడు పనిలోంచి తీసెయ్యకూడదని సూటిగా రాసిన చట్టం చూపించమంటే నా దగ్గర లేదు, అంది. కాబట్టి కారణం జోలికి పోవద్దు, నోటీసు ఇవ్వలేదన్న దాని మీదే కొడదాం అంది. జరిగింది తెలుగులో రాసివ్వమంది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని చదివే అలవాటు నాకు, రాయడమంటే హుషారు. సెలవు ఎందుకు పెట్టానో చెబుతూ, "నా ఇంట్లో నా మనిషి ఉంటాడు, అతనికి జ్వరం వచ్చింది" అని రాశాను. ఆ కాగితాలను మేడం తర్జుమా సార్‌కు పంపింది.

వాయిదా రోజున అవతలి వకీలు మా కాగితమే చేతిలో పట్టుకుని లేచాడు. ఈ మాస్టర్ ప్రమాణం చేసి మరీ చెప్పాడు, ఇంట్లో ఇతనికి ఒక వర్క్‌మన్ ఉన్నాడు, అంటే మా కస్టమర్లను ఇంటికి మళ్లించి పనివాణ్ణి పెట్టుకుని సొంత దుకాణం నడుపుతున్నాడు, అందుకే తీసేశాం అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ వర్క్‌మన్ అంటే తెలుసు. ఎవరి గురించి చెబుతున్నారా అని వెనక్కి తిరిగి చూశాను.

ఆ మధ్యాహ్నమే సార్ గదికి మెట్లెక్కాను. నాకు కోపమొస్తే మర్యాద గుర్తుండదు. సార్ మాత్రం తొణకలేదు. "మనిషి అంటే పనిమనిషేగా? ఇంట్లో మనిషి ఉంటాడని రాశారు. మీరు టైలరు. అందుకని వర్క్‌మన్ అన్నాను. ఇందులో తప్పేముంది మాస్టారూ?" అన్నారు. పనిమనిషి అని రాయలేదు, మనిషి అని రాశానన్నాను. రెండూ ఒకటేనన్నారు. మీకు తెలుగు రాదన్నాను. ఆ ఒక్క మాటకు ఆయన మొహం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచారు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది.

"ఏమిటీ, మనిషి రాలేదా? సరే, అంట్లు అలా ఉంచు, నేనొచ్చి తోముతాను" అన్నారు. ఫోను పెట్టేశారు. పెట్టేసి నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. వాళ్లింట్లో మనిషి అంటే అంట్లు తోమే మనిషి. మా ఇంట్లో మనిషి అంటే పాణం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు ఆయనే నవ్వారు, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది ఆయనకు.

"అయితే ఆయన మీకు..." అన్నారు.

"ఔ సార్" అన్నాను.

కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "ఇది నాకు అలవాటున్న సంగతి కాదు, మీతో అబద్ధమెందుకు. కానీ తప్పు మాత్రం నాదే. ఉర్దూలోంచి చేశాను, హిందీలోంచి చేశాను, వేలెత్తి చూపించినవాడు లేడు. తెలుగులోంచి తెలుగులోకి వచ్చేసరికి బోర్లా పడ్డాను" అన్నారు.

పొరపాటు నాదని కోర్టుకు ఆయనే రాసిచ్చారు. ఆ వయసులో, ఆ పేరుతో, అది చిన్న విషయం కాదు. కానీ సవరణలో ఏం రాశారో చూడండి. పార్ట్‌నర్ అని రాశారు. మేడం కూడా బాగుందనే అంది. అవతలి వకీలుకు ఆ రోజు పండగే. మొన్న పనివాడన్నారు, ఇవాళ పార్ట్‌నర్ అంటున్నారు, మేం చెప్పింది ఇదే కదా అన్నాడు. నిజానికి అతన్ని అనడానికి లేదు. అబిడ్స్‌లో ఏ షాపులోనైనా పార్ట్‌నర్ ఎవరని అడిగి చూడండి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి చూపిస్తారు. తెలుగులో పడ్డామనుకుంటే ఇంగ్లీషులోనూ పడ్డాం.

అప్పట్నుంచి సార్‌కు నిద్ర పట్టలేదు. నేను వాయిదాల కోసం తిరుగుతుంటే ఆయన మాట కోసం తిరిగారు. ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నిఘంటువుల ముందు గొంతుక్కూర్చునేవారు. ఒకటి తీసి ఒకే ఒక్క మాట చూసి పెట్టేసేవారు. అమ్మేవాడు చూసీ చూసీ, "చూసుడు మీ పని, దులుపుడు నా పనా సార్?" అన్నాడు. పక్కనే పాత పుస్తకాలు చూస్తున్న నేనూ, ఆయనా పగలబడి నవ్వాం. మరునాడు నేను ఇంట్లో కుట్టుమిషన్ దగ్గర ఉండగా ఫోను చేసేవారు. ఫ్రెండ్ అంటే సగమే అవుతుంది, రూమ్మేట్ అంటే అబద్ధమవుతుంది, స్పౌజ్ అంటే చట్టం ఒప్పుకోదు అనేవారు. ఒకరోజు మరీ దిగులుగా, "కంపానియన్ అందామనుకున్నాను మాస్టారూ. పెంపుడు కుక్కను కూడా అదే అంటున్నారు" అన్నారు.

చొక్కా కుట్టించుకునే నెపంతో ఇంటికొచ్చారు. నెపమని నాకు తెలుసు, ఆయనకు చొక్కాలకు కొదవ లేదు. కొలత తీస్తుంటే ఎడమ భుజం కుడిదానికంటే కిందికి ఉంది. ఏళ్ల తరబడి కాగితాల సంచీ మోసి మోసి అలా జారిపోయింది. లోపల చిన్న దిండు పెట్టి కుడతాలెండి, తెలియదు అన్నాను. అంతలో నా మనిషి డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, ఎవరున్నారో కూడా చూడకుండా, "తిన్నవా?" అన్నాడు. సార్ చేతులు పైకెత్తి నిలబడే ఉన్నారు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఆ రోజు మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. చాలా నెలలు తాగలేదు. కులమో, ఇదో, నేనడగలేదు, ఆయన చెప్పలేదు. తర్వాత తర్వాత మాత్రం నా మనిషి చేతి బగారా అన్నం అడిగి చేయించుకునేవారు, వాళ్లావిడకు, మేం అమ్మ అనేవాళ్లం, ఆమెకు కూడా డబ్బాలో తీసుకెళ్లేవారు.

సార్‌ది వింత కోపం. నెమ్మదిగా రాజుకునేది, ఆరేది కాదు. చట్టం పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, వికలాంగులను పని విషయంలో వేరుగా చూడకూడదని రాశారు, ట్రాన్స్‌జెండర్లను కూడా అలా చూడకూడదని రాశారు, మీ ఇద్దరి లాంటివాళ్ల కోసం ఒక్క వాక్యం రాయడానికి సిరా అయిపోయిందా అనేవారు. పెద్ద కోర్టు తీర్పు గురించి ఆయన అన్న మాట నాకు నోటికి వచ్చేసింది. "నువ్వు దొంగవి కాదు, పో అన్నారు. లోపలికి రా అని ఎవరూ అనలేదు."

అసలు కారణం కోర్టులో చెప్పి తీరాలని ఆయన పట్టు. వద్దని మేడం పట్టు. మధ్యలో నేను. నా భయం ఏమిటో మీకు తెలియాలి. నిండు కోర్టులో ఆ మాట చెబితే గన్‌ఫౌండ్రీ చేరడానికి ఎంతసేపు? నౌకరి పోయింది, ఇల్లూ పోతుంది. ఇల్లు పోకుండా ఆపే చట్టం మాత్రం ఏముంది? ఒకరోజు ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీకు మాట కావాలె సార్. నాకు నౌకరి కావాలె. మీ నిఘంటువుల కోసం నా బతుకు బజార్ల పెట్టమంటరా?" అన్నాను. ఆయన సంచీ భుజానికి వేసుకుని వెళ్లిపోయారు. కొన్నాళ్లు ఫోను కూడా లేదు. అన్నందుకు బాధ లేదు గానీ, ఆ ఫోను లేకపోతే మధ్యాహ్నాలు గడిచేవి కావు.

మళ్లీ వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి చెప్పారు. "మాట మీది మాస్టారూ, నాది కాదు. మీరు ఏది చెబితే అదే తర్జుమా చేస్తాను. దోస్తంటే దోస్తనే చేస్తాను. అబద్ధమైనా తప్పు లేకుండా చేస్తాను. అంతవరకే నా పని." నన్ను ఒప్పించడానికి వచ్చి ఉంటే నేను మొండికేసేవాణ్ణి. నా మీదే వదిలేసేసరికి దిక్కు తోచలేదు. నా మనిషిని అడిగాను. "ఎన్ని రోజులని దాస్కుంటం, చెప్పు. ఇల్లు పోతే ఇంకో ఇల్లు చూస్తం" అన్నాడు. మేడంకు చెప్పాం. సరే, మీ ఇష్టం, నోటీసు సంగతి మాత్రం నేను వదలను అంది.

బోనులోకి ఎక్కాను. బోను చెక్క పట్టుకుని నిలబడ్డాను. అవతలి వకీలు అతను మీ పనివాడా, వ్యాపారంలో భాగస్వామా అని అడిగాడు. రెండూ కాదు, నా మనిషి అన్నాను. జడ్జిగారు తలెత్తి సార్ వైపు చూశారు. తప్పు రాసింది ఆయనే కాబట్టి వివరణ ఇవ్వడానికి ఆయన్నీ రమ్మన్నారు. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగారు.

సార్ నేను కుట్టిన చొక్కాలో నిలబడ్డారు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఇంత వెతికి, ఇంత తిరిగి, చివరికి దొరకలేదా అనుకున్నాను.

"సరిపోయే మాట నాకు దొరకలేదండి" అన్నారు. "ఆ మాటను అలాగే ఉంచమని మనవి. అర్థం మాత్రం చెప్పగలను. నా భార్య ఆస్పత్రిలో ఉండి, నర్సు బయటికొచ్చి పేషెంట్ మనుషులెవరని పిలిస్తే నేను ఏ వరసతో లేచి నిలబడతానో, ఈయనా ఆ వరసతోనే నిలబడ్డాడు. అంతకంటే పెద్ద వరస నాకు తెలియదు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనే భయంతో ఏళ్ల తరబడి నోరు మూసుకున్నవాణ్ణి నేను. ఆ ఒక్క రోజు నా వెన్ను నిటారుగా ఉందని నాకే తెలిసింది.

ఇక్కడితో కథ బాగా ముగిసిందని రాయాలని నాకూ ఉంది. తీర్పు మా వైపే వచ్చింది. నోటీసు లేకుండా తీసెయ్యడం చెల్లదన్నారు, తిరిగి పనిలోకి తీసుకోమన్నారు. ఎందుకు తీసేశారన్న దాని మీద ఒక్క ముక్క లేదు. సార్ తీర్పంతా చదివి, ఆ మాట కోసం మళ్లీ మొదటి నుంచి చదివి, కాగితాలు మడిచి పెట్టారు. "మీరు గెలిచారు మాస్టారూ. మీ మాట గెలవలేదు" అన్నారు. సేటు పైకోర్టుకు వెళ్లాడు. అది ఇంకా నడుస్తూనే ఉంది. నేను ఇంట్లో కుడుతున్నాను. సొంత దుకాణం పెట్టానని వాళ్లన్న అబద్ధాన్ని నా చేతులతో నేనే నిజం చేశాను, ఒక్క పనివాడే తక్కువ.

అనుకున్నట్టే ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. సార్ పనిగట్టుకుని వచ్చి, ఏ చట్టం ప్రకారం ఖాళీ చెయ్యమంటావని నిలదీశారు. ఏ చట్టం ప్రకారం వద్దంటవని అతను తిరిగి అడిగాడు. సార్ సంచీలోంచి చట్టం పుస్తకం సగం బయటికి తీసి, మళ్లీ లోపలికి తోసేశారు. సామాను గౌలిగూడకు మార్చే రోజు ఎంత వద్దన్నా వినకుండా కుట్టుమిషన్ ఒక పక్క పట్టుకున్నారు. జారిన భుజం వైపే పట్టుకున్నారు.

ఆయన చివరి దాకా ఆ వాక్యం రాస్తూనే ఉన్నారు. చట్టంలో లేని ఆ ఒక్క వాక్యం. ఎవరికీ పంపలేదు, ఎవరూ అడగలేదు. టీ సాసర్‌లో పోసుకుంటూ, "ఇలా ఉంటే ఎలా ఉంటుంది?" అని వినిపించేవారు. మరుసటి వారం అది బాగాలేదనేవారు. మంచివాళ్లున్నారు కదా సార్, మీరున్నారు కదా, ఎందుకింత ఫికర్ అని నా మనిషి ఒకసారి అన్నాడు. "మంచివాళ్లు పోతారయ్యా. వాక్యమైతే ఉంటుంది" అన్నారు. అప్పుడు అది మామూలు మాటలాగే వినిపించింది.

పోయిన రోజు సంగతి చెప్పి ఆపుతాను. గుండె నొప్పని ముందురోజు చేర్పించారట, మాకు చెప్పనివ్వలేదట. వాళ్లకు పిల్లల్లేరు. సార్ తమ్ముడు విజయవాడలో బయల్దేరాడు, చేరేసరికి సాయంత్రమవుతుంది. మేం వెళ్లేసరికి అమ్మ బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి సార్‌ను చూపించారు. నేను కుట్టిన చొక్కాలోనే ఉన్నారు. పెదవులు కదలకుండా ఆయన్ని చూడటం అదే మొదలు.

కాసేపటికి కౌంటర్‌లో క్లర్కు, పేషెంట్ మనుషులెవరని పిలిచాడు. నేను లేవలేదు. ఆ పిలుపుకు ఒకసారి లేచి నౌకరి పోగొట్టుకున్నవాణ్ణి. అమ్మ మా ఇద్దరి వైపూ తిరిగింది. "లేవండి నాయనా, మనల్నే" అంది. లేచాం.

క్లర్కు మంచివాడే, విసుక్కోలేదు. కొడుకులా అని అడిగాడు. కాదన్నాం. అల్లుళ్లా, అన్నదమ్ముల పిల్లలా అన్నాడు. కాదన్నాం. మరి ఏమవుతారన్నాడు.

"మా మనుషులు" అంది అమ్మ.

"అది గాదమ్మా, గీడ ఏదన్న ఒకటి రాయాలె. ఏమని రాయమంటరు?"

అమ్మ, నా మనిషి, నేను, ముగ్గురం ఒక్కసారే లోపలి తలుపు వైపు చూశాం. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు లేచి చెప్పాల్సిన ఆయన ఆ తలుపు వెనకే ఉన్నారు. క్లర్కు కలం పట్టుకుని మా జవాబు కోసం చూస్తున్నాడు.